గ్రైండరు ఆపకండి

మూడుసార్లు మార్చినా వరహాలమ్మగారి ఇంట్లో మాట వినే స్విచ్చులు మొండికేస్తూనే ఉన్నాయి. అనకాపల్లిలో నోటిమాటతో ఫ్యాను తిప్పే విద్య నేర్చిన మొదటి మొనగాడు నూకరాజే. ఆ పేరు కాస్తా గంగలో కలిసేలా ఉంది.

పేరు సంగతలా ఉంచండి. ముప్పై ఏళ్లు బళ్లో లెక్కలు చెప్పిన మనిషి వరహాలమ్మగారు, కాళ్లు పడిపోయి మంచానికే అతుక్కుపోయారు. ఉక్కపోసినా, చీకటిపడినా ఎవరినో కేకేయాల్సిందే. ఈ స్విచ్చులొచ్చాకే ఆవిడ మొహం తేటపడింది. ఇప్పుడేమో కొడుకు కుండ బద్దలు కొట్టినట్టు చెప్పేశాడు.

"సాయంత్రంలోగా బాగైతే సరి. లేదంటే అన్నీ పీకేసి పాతవే పెట్టేయ్."

నూకరాజు సిగ్గు చంపుకుని, తనకు కరెంటు పని నేర్పిన సుబానీ మేస్త్రికి ఫోను చేశాడు. మేస్త్రి ఒక హోల్డరు, బల్బు, రెండు వైరు ముక్కలతో దిగాడు.

"ఓల్టేజీ చూశావేట్రా?"

"నాలుగుసార్లు చూశాను మేస్త్రీ! ఇంట్లో అన్నీ ఆపించి మరీ చూశాను. ప్రతిసారీ రెండొందల ముప్పై. ఈ స్విచ్చులే దొంగసరుకు."

మేస్త్రి బల్బును బోర్డుకి తగిలించి, వంటింట్లో ఉన్న కోడలికి కేకేశాడు.

"అమ్మా, గ్రైండరు వెయ్యండి. గీజరూ, మోటారూ కూడా!"

"బాబోయ్, నా స్విచ్చులు మాడిపోతాయి!" అన్నాడు నూకరాజు.

గ్రైండరు గుర్రుమంది. మోటారు అందుకుంది. బల్బు నీరసపడి మిణుకుమిణుకుమంది. ఆ వెంటనే గదిలో కొత్త స్విచ్చులన్నీ టపటపా ఆరిపోయాయి.

మేస్త్రి మెయిన్ ఆపి పెట్టె మూత తీశాడు. కరెంటు తిరిగెళ్లే న్యూట్రల్ వైరు బిగింపు దగ్గర నల్లగా మాడి, వేలు తగిలితే కదులుతోంది. మాడిన కొస కత్తిరించి, కొత్తగా ఒలిచి, స్క్రూడ్రైవరు శిష్యుడి చేతిలో పెట్టాడు. నూకరాజు బిగించాడు. బరువు పడినప్పుడల్లా ఓల్టేజీని పడేసిన ఇన్నాళ్ల తలనొప్పీ ఆ ఒక్క వదులు స్క్రూనే!

కరెంటు వేశారు. గ్రైండరూ మోటారూ మళ్లీ హోరెత్తాయి. బల్బు మాత్రం చెక్కుచెదరలేదు.

"ఫ్యాను వెయ్యి!" అన్నారు వరహాలమ్మగారు, బళ్లో పిల్లల్ని అదిలించే గొంతుతో. తిరిగింది. "లైటు వెయ్యి!" వెలిగింది. "ఆర్పు! మళ్లీ వెయ్యి!" ఆవిడ పకపకా నవ్వుతుంటే కొడుకు కళ్లు తుడుచుకున్నాడు. నూకరాజుకైతే ఎగిరి గంతేయాలనిపించింది.

ఆ ఊపులో వెళ్లి గ్రైండరు ఆపబోయాడు. మేస్త్రి చెయ్యి పట్టుకున్నాడు.

"ఉండనీరా. బరువు మోస్తున్నప్పుడే అడగాల, ఎలా ఉన్నావని."

నూకరాజు జేబులోంచి మీటరు తీశాడు. గ్రైండరు హోరులో నిలబడి, అన్నీ నడుస్తుండగా మొదటిసారి ఓల్టేజీ చూశాడు.