కరాళకేతుడి పన్నెండు పెట్టలు

అనగనగా ఒక రాజు. ఆ రాజుకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడు ఏడు సముద్రాల అవతల ఉన్న కరాళకేతుడనే మాంత్రికుణ్ణి చంపుతానని వెళ్లి రాయైపోయాడు. రెండోవాడు అన్నను తెస్తానని వెళ్లి రాయైపోయాడు. మూడోవాడు జయంధరుడు. అన్నం కూడా నడుస్తూ తినే రకం. వాడు ఊరుకుంటాడా? తాబేలు వీపెక్కి మూడు సముద్రాలు, హంస వీపెక్కి మూడు సముద్రాలు దాటి, ఏడోది ఈదుకుంటూ దీవి చేరాడు.

మాంత్రికుడు వాణ్ణి చూసి నవ్వాడు.

"నా ప్రాణం చిలకలో ఉందనుకుని వచ్చావా? ఆ రోజులు పోయాయి. అవిగో, పన్నెండు నల్ల కోడిపెట్టలు. ఒకదానిలో ఉంది నా ప్రాణం. మూడు రోజులు మేపు. మూడో సాయంత్రం ఆ పెట్టను పట్టి చూపించు. తప్పావా, నువ్వూ రాయివే. మీ అన్నల పక్కన చోటుంచాను."

ఇనుప గూడు దగ్గర ఒక అమ్మాయి పెంట ఊడుస్తోంది. మాంత్రికుడు ఎత్తుకొచ్చిన రాకుమారి తారావళి.

"మీ పెద్దన్నగారు బాగా బలిసినదాన్ని పట్టారు. చిన్నన్నగారు బాగా అరిచేదాన్ని పట్టారు. మరి తమరో?"

"ముందు మేపనివ్వండి."

మేపాడు. గింజలు చల్లుతూ గూడు చుట్టూ నూరుసార్లు తిరిగాడు. సాయంత్రానికి నాలుగే గుడ్లు. అప్పుడొక ముసలి పెట్ట నోరు విప్పింది.

"నాయనా, కాళ్లు నీవే, గుండెలు మావి. నువ్వలా తిరుగుతుంటే పైన గద్ద తిరిగినట్టుంది. కాస్త కూర్చో."

"ప్రాణం ఎవరిలో ఉందో చెప్పు, కూర్చుంటాను."

"చెబితే నాలుక కాలిపోతుంది. సరిగ్గా మేపు, నీకే తెలుస్తుంది."

రెండో రోజు తొట్టి కడిగి మంచినీళ్లు పోశాడు. గంపల్లో పొడిగడ్డి పరిచాడు. ఆపైన కూర్చున్నాడు. మోకాలు ఆడుతుంటే రెండు చేతులా అదిమిపట్టి కూర్చున్నాడు. తొమ్మిది గుడ్లు! కానీ అన్నీ పెంకు లేని తోలుగుడ్లే. వేలు తగిలితే చితికిపోతున్నాయి.

"రెండు రోజుల్లో పదమూడు. ఏ పెట్టా రోజూ పెట్టదు. ప్రాణమున్నది గుడ్డు పెట్టదనుకున్నా, లెక్కతో ఇది తేలదు," అన్నాడు దిగులుగా. మిగిలింది ఒక్క రోజు.

"వీటికి నూకలు తప్ప ఏం పెడతాడు వాడు?" అంది తారావళి. "మా ఊళ్లో కోళ్లు గోడ సున్నం గీక్కుని తినేవి. ఇక్కడ గీకడానికి ఇనుము."

జయంధరుడు లేచి ఒకటే పరుగు. ఒడ్డున దొరికిన ఆల్చిప్పలన్నీ మూటగట్టి తెచ్చి, ఇద్దరూ కలిసి దంచారు. మూడో పొద్దున ఒక పక్క నూకలు, ఒక పక్క చిప్పల పొడి పోశాడు. పెట్టలు నూకలు వదిలేసి పొడి మీద ఎగబడ్డాయి. ఒకటి, రెండు, మూడు... పదకొండు. పన్నెండోది తీరిగ్గా నూకలు ఏరుకుంటోంది.

గుడ్డు పెట్టే పెట్టకు పెంకు కట్టడానికి చిప్పల సున్నం కావాలి. దీనికి అక్కర్లేదంటే, దీని కడుపులో గుడ్డు ఉండాల్సిన చోట మరేదో ఉంది.

సాయంత్రం మాంత్రికుడు వచ్చాడు. జయంధరుడు ఈసారి పరిగెత్తలేదు. మెల్లగా వంగి, ఆ పెట్టను రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. మాంత్రికుడి నవ్వు పెదవుల మీదే ఎండిపోయింది.

"దాన్ని కోసే ధైర్యముందా నీకు? మూడు రోజులు మేపావుగా," అన్నాడు.

జయంధరుడి చెయ్యి కత్తి మీదికి వెళ్లి ఆగింది. పెట్ట గుండె వాడి అరచేతిలో టకటకా కొట్టుకుంటోంది.

"కొయ్యక్కర్లేదు బాబూ," అంది అది. "కనిపెట్టావుగా. ఇక దీన్ని మొయ్యను."

దాని కిందనుంచి నల్లటి గుడ్డొకటి జారింది, తోలుగుడ్డు. నేల తాకగానే చితికింది. మాంత్రికుడు పిడికెడు బూడిదయ్యాడు. రాళ్లయిన అన్నలు ఒళ్లు విరుచుకుని లేచారు.

తిరుగు ప్రయాణంలో, నాలుగో సముద్రం మధ్యలో, వెంట తెచ్చుకున్న ఆ పెట్ట తన సొంత గుడ్డు మొదటిసారి పెట్టింది. గట్టి పెంకు గుడ్డు. అది అరిచిన అరుపుకు అన్నలిద్దరూ చెవులు మూసుకున్నారు.

జయంధరుడికీ తారావళికీ పెళ్లయింది. అరవై రెండేళ్లు రాజ్యమేలారు. ఆ అరవై రెండేళ్లూ, వాళ్ల కోటలో కోళ్లు మేత తిన్నాకే కొలువు తీరేది.