కన్ను తెరవని పటం

మా గురువు ఆగయ్యగారికి ఒక అలవాటు ఉండేది. ఎవరైనా ప్రశ్న అడిగితే చేతిలోని కుంచెను కడిగి, గోడవార ఆరబెట్టి, "పోదాం పాండ్రి" అనేవారు. ఎక్కడికని అడగకూడదు. ఒకసారి ఎరుపు రంగు ఎందుకు నిలవడం లేదని అడిగిన పాపానికి నన్ను మండుటెండలో మూడు కోసులు నడిపించి, కుమ్మరి ఆవం పక్కన కూర్చోబెట్టి, ఒక్క మాట చెప్పకుండా వెనక్కి తీసుకొచ్చారు. ఆ రోజు నాకు ఒళ్లు మండిపోయింది. కాలేదాకా ఓపిక పడితేనే మట్టిలో ఎరుపు నిలుస్తుందన్న ఆ ఆవం సంగతి అర్థం కావడానికి ఇంకో ఏడాది పట్టింది. అందుకే స్వరూప ఆయన ముందు కూర్చుని గొంతు సవరించుకోగానే నేను నా చెప్పులు వెతుక్కున్నాను.

స్వరూప సంగతి చెప్పాలంటే ముందు మా పని సంగతి చెప్పాలి. మాది పటాలు రాసే ఇల్లు. గుడ్డకు సుద్ద, చింతగింజల గంజి పట్టించి, ఎర్రటి నేల మీద వరస వరసగా బొమ్మలు రాస్తాం. ఆ పటాన్ని ఊరూరా తీసుకెళ్లి, విప్పి, కథ చెప్పే కుటుంబాలు వేరే ఉన్నాయి. బొమ్మలో అన్నీ అయ్యాక కళ్లు మాత్రం చివరికి మిగులుస్తాం. కథ చెప్పేవాళ్లు వచ్చి, చెప్పులు విడిచి, కొబ్బరికాయ కొట్టి, పటం ఎదుట నిలబడి కథ ఎత్తుకుంటారు. అప్పుడు నల్ల చుక్కలు పెడతాం. దాన్నే కన్ను తెరవడం అంటాం. తెరిచిన కన్ను మొట్టమొదట చూడాల్సింది తన కథ చెప్పేవాళ్ల ముఖం. చెప్పేవాళ్లు లేని పటానికి కన్ను తెరవకూడదు. ఈ కట్టుబాటు ఎవరు పెట్టారో ఆగయ్యగారికే తెలియదు.

స్వరూప ఆయన దగ్గర పదకొండేళ్లు పని నేర్చింది. చెయ్యి ఆయనంతటిది. ఇది నేను ఒప్పుకోవడానికి కొంతకాలం పట్టింది, ఎందుకంటే ఆయన దగ్గర పద్దెనిమిదేళ్లున్న నా చెయ్యి ఇంకా నా అంతటిదే. అంత చెయ్యి ఉండి కూడా ఆ అమ్మాయి పేరు ఐదూళ్లు దాటలేదు. అలాంటప్పుడు పట్నం నుంచి సినిమావాళ్లు వచ్చి పద్నాలుగడుగుల పటం కావాలన్నారు. అడిగింది దేవుళ్ల కథ కాదు. ఏదో ఊరి సంతలో జనం, నలభై మూడు బొమ్మలు. స్వరూప నాలుగు నెలలు వంచిన నడుము ఎత్తలేదు. చెప్పిన రోజుకు పటం గోడకు తగిలించి, కొబ్బరికాయ పక్కన పెట్టుకుని, కథ చెప్పేవాళ్లను కూడా వాళ్లే వెంటబెట్టుకుని వస్తారని ఎదురుచూసింది. వాళ్లు వచ్చారు, చూశారు, కళ్లు లేని ఆ ముఖాలను చూసి మురిసిపోయారు, చుట్టి తీసుకుపోయారు. ఆ అమ్మాయి నోరు తెరిచేలోపే బండి మలుపు తిరిగింది. కొబ్బరికాయ అలాగే ఉండిపోయింది.

ఆ సినిమా పేరు 'గోడకు ఆకలి'. పట్నంలో బొమ్మలమ్మే ఒక దొర, వాటి గురించి గొప్పగా రాసే ఒక పండితుడు, గోడ నింపుకోవడానికి బొమ్మలు కొనే ఒక శ్రీమంతురాలు. ముగ్గురూ కలిసి చచ్చిపోయిన ఒక పల్లెటూరి చిత్రకారుడి పటాన్ని ముక్కలు ముక్కలుగా కోసి అమ్ముకోవాలని చూస్తారు. ఆరేసిన దుప్పటిని కళాఖండమనుకుని పండితుడు గంటసేపు మాట్లాడే చోట జనం పడీపడీ నవ్వారు. కళ్లు లేని బొమ్మలు పటంలోంచి దిగి వచ్చి ఒక్కొక్కరినే మింగే చోట కేకలు పెట్టారు. ఫోన్లలో ఎవరికి తోచింది వాళ్లు రాశారు. మూడు రోజులు నిద్ర లేదని ఒకరు, కడుపుబ్బ నవ్వామని ఒకరు. ఒక వారపత్రిక అయితే ఆ తెల్లటి కళ్లు కళాప్రపంచపు గుడ్డితనానికి గుర్తని రెండు పేజీలు రాసింది. ఆ వ్యాసం సినిమాలోని పండితుడు రాసినట్టే ఉందని నేనంటే స్వరూప నవ్వలేదు.

నవ్వే స్థితిలో లేదు. సినిమావాళ్లు ఇక అక్కర్లేదని పటాన్ని స్వరూపకే ఇచ్చేస్తే, శుభ్రం చేయడానికని అది మా ఇంటికి తిరిగొచ్చింది. శుక్రవారం పొద్దున పట్నంలోని ఒక పెద్ద చిత్రశాల నుంచి బండి వస్తుంది. పటాన్ని వాళ్లు శాశ్వతంగా గోడకు పెడతారు, కింద స్వరూప పేరు రాస్తారు. షరతు ఒక్కటే. కళ్లు ఇప్పుడెలా ఉన్నాయో అలాగే ఉండాలి. ఒక్క చుక్క పెట్టినా వాళ్లకు అక్కర్లేదు. చుక్క పెట్టకపోతే చెయ్యి ఒప్పదు, పెడితే పదకొండేళ్ల తర్వాత వచ్చిన పేరు పోతుంది. బుధవారం నాడు ఆగయ్యగారి ముందు కూర్చుని ఆ అమ్మాయి అడిగింది ఇదే.

"అయ్యా, కొందరు నవ్విన్రు, కొందరు భయపడ్డరు, కొందరు పెద్ద పెద్ద మాటలు రాసిన్రు. వీళ్లల్ల ఎవలు సరిగ్గ చూసినట్టు? నేను కండ్లు పెట్టాల్నా, వద్దా?"

ఆయన కుంచె కడిగారు.

సినిమా హాలుకే తీసుకెళ్తారనుకున్నాను, కాదు. బస్సెక్కి ఇరవై మైళ్ల అవతల కొమురమ్మ ఇంటికి పోయాం. కొమురమ్మ పటం కథలు చెప్పే మనిషి. డెబ్భై దాటాయి. ఆమె అన్నేళ్లూ కథ చెప్పిన పటం ఆగయ్యగారి తండ్రి రాసింది. అది చిరుగులు పట్టి, రంగులు రాలిపోతే పోయినేడు ఏటిలో కలిపి, తలస్నానం చేసి వచ్చింది. మనిషి పోయినట్టే దినం చేసింది. కొత్త పటం రాయించుకునే ఓపిక కొడుకులకు లేదు. అప్పటి నుంచి ఆమె గొంతు విప్పలేదని ఊళ్లోవాళ్లు చెప్పారు. ఆగయ్యగారు ఆమెను సినిమాకు రమ్మన్నారు. ఆమె ఎందుకని అడగలేదు. వీళ్లిద్దరూ ఒకే బడిలో చదివినట్టున్నారని నేను లోలోపల విసుక్కున్నాను.

గురువారం మధ్యాహ్నం జనగామలో మ్యాట్నీకి కూర్చున్నాం. కొమురమ్మకు ఒక పక్క ఆగయ్యగారు, ఇంకో పక్క స్వరూప, చివర నేను. హాలు నిండా కాలేజీ పిల్లలు. దుప్పటి చోట అందరూ నవ్వారు, కొమురమ్మ అందరికంటే గట్టిగా నవ్వింది. తర్వాత పాటలు ఆగిపోయి, తెర ఎర్రబడి, నలభై మూడు ముఖాలు తెల్లటి కళ్లతో చేతులు చాపి ముందుకు రావడం మొదలుపెట్టాయి. మా వెనక ఎవరో కెవ్వుమన్నారు. ఒకడు భయం దాచుకోవడానికి ఈల వేశాడు. నేను కూడా కళ్లు మూసుకున్నాను, దాచడమెందుకు. పక్కన అలికిడైతే తెరిచాను. కొమురమ్మ చెప్పులు విడిచి లేచి నిలబడి ఉంది. యాభై ఏళ్లు ఊరి నడుమ కథ చెప్పిన గొంతు అది. హాలంతా వినబడింది.

"భయపడకుండ్రి బిడ్డా. ఆళ్లు మింగనీకి వస్తలేరు. కన్ను తెరువుమని అడుగనీకి వస్తున్నరు."

కూర్చోమని ఎవరైనా అరుస్తారనుకున్నాను. ఎవరూ అరవలేదు. ఈల ఆగిపోయింది. తెర మీద అవే ముఖాలు, అదే సంగీతం, అవే చాచిన చేతులు. కానీ ఇందాక నేను చూసింది అవి కావు. ఆ చేతులు అడుగుతున్నాయి. దారి తెలియక తడుముకుంటున్నాయి. ఇందాకటి భయం పోయింది. నలభై ముగ్గురు నాలుగు నెలలు మా ఇంట్లోనే రూపు దిద్దుకుంటుంటే నేను ఒక్కసారి కూడా వాళ్ల వైపు ఇలా చూడలేదని సిగ్గుపడ్డాను. వెనక సీటులోని కుర్రాడు, ఇందాక ఈల వేసినవాడే, ముందుకు వంగి చిన్న గొంతుతో అడిగాడు, ఎవరైనా తెరుస్తారా అవ్వా అని. తెరవకుండా ఎట్లా ఇడిసిపెడతరు అంది కొమురమ్మ. సినిమాలో ఎవరూ తెరవలేదు. కథ అయిపోయి దీపాలు వెలిగినా చాలాసేపటి వరకు ఆ హాల్లో ఎవరూ లేవలేదు. స్వరూప చెంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తోంది.

శుక్రవారం తెల్లవారగానే ఆగయ్యగారు పటాన్ని గోడకు తగిలించారు. చిత్రశాల బండి వచ్చేది ఆ రోజేనని తెలిసి కూడా స్వరూప తనంతట తానే నల్లరంగుకు మసి నూరి పెట్టుకుంది. కొమురమ్మ రాత్రి మా ఇంట్లోనే ఉండిపోయింది కనుక స్నానం చేసి వచ్చి ఎదుట నిలబడింది. ఇది ఎవరి కథ అని అడిగింది. ఎవరి కథా కాదు, సినిమా కోసం రాసిందని స్వరూప చెప్పింది. కొమురమ్మ పటాన్ని ఈ చివర నుంచి ఆ చివర దాకా చూసి, నిన్న రెండు గంటలు కండ్లార చూసిన గద, నాకు వస్తది అంది.

ఏడాదిగా మూగబోయిన ఆ గొంతు లేచింది. గణపతిని తలుచుకుంది, ఊరిని తలుచుకుంది, సినిమా కథను పటం కథ బాణీలో ఎత్తుకుంది. బొమ్మలమ్మే దొరను, మాటలమ్మే పండితుణ్ణి, దుప్పటిని చూసి మొక్కిన వైనాన్ని చెబుతుంటే వీధిలోవాళ్లు వచ్చి గుమ్మంలో నిలబడి నవ్వారు. ఆ తర్వాత సంతలోని మనుషుల దగ్గరకు వచ్చింది. వాళ్లకు సినిమాలో పేర్లు లేవు. కొమురమ్మ ఒక్కొక్కరికి పేరు పెట్టింది, ఊరు చెప్పింది. ఇగో ఈమె గాజులమ్మే ఎల్లమ్మ, ఈయన మేకలు తోలుకొచ్చిన మల్లయ్య, ఈ పిల్ల తప్పిపోయి తల్లిని దేవులాడుతున్నది. పేరు వినబడగానే స్వరూప కుంచె లేచేది. రెండు చుక్కలు. నేను మసి గిన్నె పట్టుకుని వెంట నడిచాను. చివరి పేరు అయ్యాక కొమురమ్మ ఆగింది. పద్నాలుగడుగుల ఎర్రటి గుడ్డ మీంచి ఒక సంత సంతంతా తల తిప్పి మా వైపు చూసింది. గుమ్మంలోని వాళ్లు ఎవరూ చెప్పకుండానే చేతులు జోడించారు. పద్దెనిమిదేళ్ల నుంచి ఈ పని చూస్తున్న నేను కూడా గిన్నె కింద పెట్టి చేతులు జోడించాను.

పాత కొబ్బరికాయ ఎప్పుడో ఎండిపోయింది. కొత్తది కొట్టారు. అప్పుడే చిత్రశాల బండి వచ్చింది. దిగినవాడు మర్యాదస్తుడైన యువకుడు, మెరిసే బూట్లు, చేతిలో సంతకాలు పెట్టాల్సిన కాగితాలు. గడపలో అడుగు పెట్టినవాడు పటం చూసి ఆగిపోయాడు. ఆ అడుగు వెనక్కి తీసుకున్నాడు. వంగి బూట్లు విప్పి, మళ్లీ లోపలికొచ్చి, కాగితాల సంగతి మరిచిపోయి నిలబడ్డాడు. తర్వాత మెల్లగా, మావాళ్లు దీన్ని తీసుకోరండీ అన్నాడు. తెలుసన్నట్టు ఆగయ్యగారు తల ఊపారు. ఖాళీ బండి వెళ్లిపోయింది. కొమురమ్మ పటాన్ని చుట్టి, చంటిబిడ్డను ఎత్తుకున్నట్టు భుజాన వేసుకుని బస్సుకు బయలుదేరింది. పది దాటింది, ఊరు చేరి సాయంత్రానికల్లా కథ చెప్పాలట.

స్వరూప వాకిట్లో కూర్చుని కుంచె కడుగుతోంది. ముఖం వాడిపోయింది. నేను మసి గిన్నె తెచ్చి పక్కన పెట్టాను. ఆ అమ్మాయి గడపలో నిలబడ్డ ఆగయ్యగారి వైపు తలెత్తి, పేరు పోయింది సరే అయ్యా, అడిగినదానికి మాత్రం మీరింకా చెప్పలేదు, అంతమందిల ఎవలు సరిగ్గ చూసినట్టు అని అడిగింది.

ఆగయ్యగారు కొమురమ్మ పోయిన దారి వైపు చూస్తూ అన్నారు:

"అంతమంది దాన్ని చూసిన్రు, నిజమే. అది మనల్ని చూసింది మాత్రం ఇయ్యాలనే బిడ్డా."