‘తప్ప’ తెలియని పెట్టె

కొల్లేటి ఒడ్డున బాతులు మేపుకునే గంగాచలానికీ, అతని భార్య నూకరత్నానికీ, తమ్ముడు తాతబ్బాయికీ ఒకటే గర్వం. ఊళ్ళోవాళ్ళకి ఒకటి చెబితే ఇంకోటి అర్థమవుతుందట. తమకి మాత్రం చెప్పింది చెప్పినట్టే అర్థమవుతుందట. "బుర్రంటే మనదే" అని రోజూ అన్నాల దగ్గర ఒకరినొకరు మెచ్చుకునేవాళ్ళు.

ఆ ఏడు నక్కల బెడద ఎక్కువైంది. పొద్దుగూకేలోపు కొట్టంలోకి చేరని బాతు తెల్లారేసరికి ఈకలే. అందుకని భీమవరం నుంచి ప్రకాశం అనే మెకానిక్‌ని పిలిపించి, కొట్టం తలుపు పక్కన బల్ల మీద ఒక మాట్లాడే పెట్టె పెట్టించారు. ఎవర్ని రానివ్వాలో దానికి చెబితే చాలు, అదే చూసి తలుపు తీస్తుంది, అదే వేస్తుంది.

"గంగాచలంగారూ, ఇది రెండో వెర్షను. అన్ని రూల్సూ తీసుకోదు. ఏ రూలుకి సపోర్టుందో ముందు చెక్ చేసుకుని, అప్పుడు పెట్టండి" అని చెప్పి ప్రకాశం పక్కూరు పని మీద వెళ్ళాడు.

"ఏం పెట్టమన్నాడ్రా?" అన్నాడు గంగాచలం.

"రోలు పెట్టమన్నాడు అన్నయ్యా."

అంతే. అన్నదమ్ములిద్దరూ ఆపసోపాలు పడి రుబ్బురోలు మోసుకొచ్చి పెట్టె మీద పెట్టారు. బల్ల కిర్రుమని వంగింది.

"ముందు సపోర్టు చూడమన్నాడు కదండీ!" అంది నూకరత్నం. గబగబా ఒక వెదురుబొంగు తెచ్చి బల్లకింద ఆనించారు.

"ఇంకా చెక్కమన్నాడు" అని తాతబ్బాయి ఉలీ సుత్తీ తెచ్చి పెట్టె మూల చెక్కడం మొదలెట్టాడు. మూడో దెబ్బకి ఉలి జారి మీటకి తగిలింది. పెట్టె గొంతు సవరించుకుంది.

"చెప్పండి. ఎవర్ని రానివ్వను?"

"చూశారా, చెక్కితే గానీ పలకలేదు!" అని ముగ్గురూ మురిసిపోయారు. గంగాచలం చేతులు కట్టుకుని వినయంగా చెప్పాడు. "బాతులు తప్ప ఎవరూ లోపలికి రాకూడదండి."

"'తప్ప' అన్న మాటకి ఈ వెర్షన్‌లో సపోర్టు లేదు. అది వదిలేసి మిగతాది రాసుకున్నాను. బాతులు ఎవరూ లోపలికి రాకూడదు."

"ఒక్క మాటే కదా, పోనీలెండి" అంది నూకరత్నం.

ఇంకేముంది! సాయంత్రం బాతుల మంద తలుపు దగ్గరికొచ్చింది. ముందున్న బాతు "క్వాక్" అంది.

"బాతు. రాకూడదు" అంది పెట్టె.

"అడక్కుండానే పేరు చెప్పేశావు కదే పీనుగా!" అని నూకరత్నం నెత్తి కొట్టుకుంది. మిగతా బాతుల ముందు చతికిలబడి, "మీరైనా మీరెవరో చెప్పకండర్రా" అని బతిమాలింది. అవన్నీ ఒక్కసారే చెప్పేశాయి.

పొద్దు వాలిపోతోంది. అంతలో గడ్డి వెనకనుంచి ఒక నక్క తొంగిచూసింది.

"మీరు బాతు కారు. దయచెయ్యండి" అని పెట్టె తలుపు తీసింది. నక్క కూడా ఆశ్చర్యపోయి, లోపలికెళ్ళింది.

"అయ్యో, మన కొట్టంలో నక్క!" అని ముగ్గురూ కర్రలు పట్టుకుని పరిగెత్తారు. "మీరూ బాతులు కారు. దయచెయ్యండి" అని పెట్టె మళ్ళీ తలుపు తీసింది. వీళ్ళు లోపలికి, నక్క వీళ్ళ కాళ్ళసందుల్లోంచి బయటికి. ఆ దూకుడుకి వెదురుబొంగు ఎగిరిపోయింది, బల్ల ఒరిగింది, రోలు నక్క తోక పక్కనే ధనామని పడింది. నక్క ఏడుస్తూ ఊరి పొలిమేర దాటిపోయింది.

తలుపు మూసుకుంది.

"తియ్యమ్మా, మేం పోవాలి" అన్నాడు గంగాచలం లోపల్నుంచి.

"బయటికి పోవడానికి ఈ వెర్షన్‌లో సపోర్టు లేదు."

"వదినా, ఇక మన కాపురం ఇక్కడేనా?" అని తాతబ్బాయి బావురుమన్నాడు. "రేపట్నుంచి గుడ్లు ఎవరు పెడతార్రా!" అని గంగాచలం కూడా అందుకున్నాడు.

అదృష్టం బాగుండి ప్రకాశం తిరిగొచ్చాడు. బయట బాతులు, లోపల మనుషులు, కింద రోలు. తన సంచిలోంచి కొత్త పెట్టె తీసి బిగించి, తలుపు బార్లా తెరిచి మూసుకోకుండా రాయి అడ్డం పెట్టాడు.

"ఇది మూడో వెర్షనండీ. దీనికి 'తప్ప' తెలుసు, బయటికి పంపడమూ తెలుసు. ఇకమీదట బాతులు తప్ప ఇంకేవీ ఈ తలుపులోంచి రావు, పోవు" అన్నాడు గొప్పగా.

లోపల ముగ్గురి మొహాలూ మాడిపోయాయి. ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు. తాతబ్బాయి మిగతా ఇద్దరి చెవుల్లో ఏదో ఊదాడు. అంతే, ముగ్గురూ గొంతుక్కూర్చుని, మోచేతులు రెక్కల్లా ఆడిస్తూ, "క్వాక్, క్వాక్" అంటూ వరసగా బయటికి నడిచారు.

"తలుపు తీసే ఉందండీ, లేచి రండి!" అన్నాడు ప్రకాశం.

"ష్! బాతులతో మాటలేంటయ్యా, పెట్టె వింటుంది" అన్నాడు గంగాచలం గుసగుసగా.

"మరి అటెక్కడికండీ?"

"బాతులు బయటికొచ్చాక ఎక్కడికి పోతాయయ్యా!" అంది నూకరత్నం. ఇంకేముంది, కొట్టం ముందున్న కాలవలో ఒకదాని వెనక ఒకటి మూడు దభీలు.