కందిపువ్వు వీపు ఎందుకు ఎర్రబడింది

ఒకప్పుడు చేలో వేసిన పైర్లన్నీ ఒకే రోజు పూసేవి. అన్నీ మోకాలెత్తే. ఒకరు పొడుగు, ఇంకొకరు పొట్టి అనే మాటే ఉండేది కాదు.

ఆ రోజుల్లో లింగమ్మ అనే ఆవిడ తన ఎర్రచేలో పెసర, కంది పక్కపక్క సాళ్లలో విత్తింది. పెసర చకచకా లేచింది. కంది మాత్రం ఉందా లేదా అన్నట్టు నేలకి అతుక్కునే ఉంది.

నెల తిరగ్గానే పెసర నేలతల్లిని పిలిచింది. "అమ్మా, నాకు ముందే పూత ఇచ్చెయ్యవా?"

"ఇస్తాలే గానీ ఒకటి విను. పూత పట్టిందంటే నీ సత్తువంతా కాయలోకే పోతుంది. ఇంక నువ్వు పెరగవు. తర్వాత నన్ననకూడదు మరి."

"అననులే అమ్మా, ఇవ్వు."

తెల్లారేసరికి పెసర ఒళ్లంతా పచ్చటి పూలు. పక్కన కంది చూసుకుంటే బెత్తెడు మొక్క, ఒక్క మొగ్గన్నా లేదు. సిగ్గుతో చచ్చిపోయింది. దానికి తోడు కలుపు తీయడానికొచ్చిన ఆడవాళ్లు "ఏంటి లింగమ్మా, ఇది పైరా, కలుపా?" అని నవ్వారు.

"ఇంకోసారి కలుపుకొచ్చేటప్పటికి ఇలాగే ఉంటే పీకి గేదెకేస్తా," అంది లింగమ్మ.



"ఏమే కందీ, నీకు ఎండ తగలకుండా నేను గానీ అడ్డమొస్తున్నానా?" అంది పెసర. నవ్వులాటకే అంది. కందికి మాత్రం ముల్లు దిగినట్టయింది.

నేలతల్లే జాలిపడి అడిగింది. "నీక్కూడా పూత ఇవ్వనా?"

"ఇప్పుడొద్దమ్మా. ఈ బెత్తెడు ఒంటికి పూలు కూడానా అని ఇంకా నవ్వుతారు."

తలొంచుకుని వేళ్లు మాత్రం లోపలికి, ఇంకా లోపలికి దించుకుంటూ కూర్చుంది. పూత లేదు కదా, సత్తువంతా కాండంలోకే పోయింది. వానలు పడేసరికి ఒక్కసారిగా లేచింది. లింగమ్మ మళ్లీ కలుపుకొచ్చేసరికి నడుమెత్తు.

"ఇది ఉండనీ," అంది లింగమ్మ.

ఇంక కందికి నోరొచ్చేసింది. "ఏమే పెసరా, ఎక్కడున్నావే? కనపడవే. అంత తొందరపడి ఏం బావుకున్నావ్?"

పెసర నెమ్మదిగా అంది. "పెరగనని తెలిసే అడిగానే. విత్తనాలేశాక లింగమ్మ ఇంట్లో గింజ మిగల్లేదు. ఆవిడ పిల్లలు గట్టు మీద కూర్చుని చింతాకు నమిలేవాళ్లు. నేనూ ఆగితే వాళ్లేం తింటారు?"



ఆ పూటే లింగమ్మ పెసరకాయలు కోసి, గట్టు మీదే ఉడకబెట్టింది. పిల్లలు కాలుతుంటే ఊదుకుంటూ తిన్నారు. వారం తిరక్కుండా పెసర మొక్కలు ఎండిపోయాయి. కంది తప్పయిందని చెబుదామనుకునేసరికి, వినేవాళ్లు లేరు.

చలికాలం వచ్చింది. కంది మనిషిని మించి పెరిగింది. అప్పుడు "పూత ఇవ్వమ్మా" అనడిగింది. పచ్చటి పువ్వులే ఇచ్చింది నేలతల్లి. కానీ ఖాళీగా ఉన్న పక్క సాలు చూడగానే తనన్న మాటలు గుర్తొచ్చి కందికి సిగ్గు పొడుచుకొచ్చింది. పువ్వు ముఖం తిప్పుకుంది. వీపంతా ఎర్రబడిపోయింది.

అప్పటినుంచే పెసర ముందుగా పూసి మోకాలి దగ్గరే ఆగిపోతుంది, కంది ఆలస్యంగా పూసి తలకి మించి పెరుగుతుంది. కందిపువ్వుని వెనక్కి తిప్పి చూడండి, ఆ ఎరుపు ఇంకా పోలేదు.