పట్టపు పిల్లి పస్తు

ఒకానొక కాలంలో మణికుండ అనే రాజ్యంలో పట్టపుటేనుగు లేదు గానీ, పట్టపు పిల్లి ఉండేది. దాని పేరు కస్తూరి. ఉత్త పేరుతో పిలిచే ధైర్యం ఎవరికీ లేదు. "కస్తూరీదేవిగారు" అనాల్సిందే. ఏలిక వీరభూపాలుడి ఆజ్ఞ అది.

వీరభూపాలుడు చెడ్డవాడేం కాదు. కాకపోతే తన నోట వచ్చిన మాటలో తప్పుండదని ఆయనకు గట్టి నమ్మకం. ఆ నమ్మకాన్ని కదిలించబోయిన పాత మంత్రి ఇప్పుడు సరిహద్దు అడవిలో కోతుల్ని తోలుకుంటున్నాడు.

ఆ రాజుగారే ఒక ఆచారం పెట్టాడు. కొలువుకు వచ్చినవాడు ఎవడైనా సరే, సింహాసనం పక్కన పట్టుపరుపు మీద కూర్చున్న కస్తూరికి ముందు ఏదైనా తినిపించాలి. ఆ తరువాతే రాజదర్శనం. దీనికి పిల్లిముద్ద అని పేరు. ఇంకేం! షావుకారు మీగడ తెచ్చేవాడు. గట్టు తగువు మీద వచ్చిన రైతు వేయించిన చేపముక్క తెచ్చేవాడు. ఆస్థాన కవి కోవా తెచ్చేవాడు. పద్యం ఎంత పలచగా ఉంటే కోవా అంత పెద్దగా ఉండేది.

మధ్యాహ్నం వంటశాల నుంచి పేరమ్మ వెండిపళ్లెంలో చేప కలిపిన అన్నం పట్టుకొచ్చేసరికి కస్తూరి వాసన చూసి మూతి తిప్పుకునేది. మట్టి కప్పి పూడ్చేస్తున్నట్టు పళ్లెం చుట్టూ కాలితో గీరి, తోకెత్తి వెళ్లిపోయేది. ఒళ్లు మాత్రం గుమ్మడికాయలా ఊరింది. బొచ్చు రాలిపోతోంది. తిన్నది కక్కుతోంది. వైద్యుడు తేనెలో చూర్ణం రంగరించి నాలిక్కి రాస్తే అది కాస్తా కొత్త మంత్రిగారి శాలువా మీదికి తిరిగొచ్చింది.

రాజుగారికి ఒళ్లు మండిపోయింది.

"తప్పంతా వంటమనిషిదే! వడ్డించింది మిగిలిందంటే వండినవాళ్లదే దోషం. అమావాస్యలోగా కస్తూరి పళ్లెం ఖాళీ చేయాలి. లేదా పేరమ్మ మా దేశం విడిచిపోవాలి. ఇది శాసనం!"

ఆ సభలో మాచన అనే విదూషకుడు ఉన్నాడు. నవ్వించడం అతని పని. ఆ పూట మాత్రం అతనికే నవ్వు రాలేదు. ఊరుకాని ఊరొచ్చి కోటగుమ్మంలో పస్తులున్న రోజుల్లో అతన్ని పిలిచి అన్నం పెట్టింది ఆ పేరమ్మే.

సభ ముగిశాక మాచన వంటశాలకు వెళ్లాడు. పేరమ్మ పొయ్యి ముందు కూర్చుని కొంగుతో కళ్లొత్తుకుంటోంది.

"నా చేతివంట అంత పాడైపోయిందా బాబూ? ఈ వయసులో ఎక్కడికని పోను?"

"నీ వంటకేం లోటు లేదవ్వా. ఆ పిల్లి పొట్టలో చోటు లేదు."

"ఆ మాట రాజుగారితో చెప్పరాదూ?"

"చెబితే నేనూ కోతుల దగ్గరికే పోతాను. ఆయన నోటితోనే చెప్పించాలి. నువ్వు నిమ్మళంగా ఉండు."

మర్నాడు మాచన కొలువులో చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ప్రభూ, రేపు మధ్యాహ్నం తమరు మా ఇంట భోజనానికి దయచేయాలి. మా ఆవిడ గుత్తివంకాయ వండుతుంది."

గుత్తివంకాయ మాట వినగానే రాజుగారి మీసాలు కదిలాయి. "పల్లకీ సిద్ధం చేయించండి!"

"మా వీధి ఇరుకు ప్రభూ, పల్లకీ తిరగదు. తమరు నడిచి వస్తే ప్రజలు కళ్లారా చూసుకుంటారు."

రాజుగారికి ఆ మాట ఇంకా నచ్చింది.

ఆ సాయంత్రమే మాచన వీధిలో గడపగడపకూ తిరిగాడు. "రేపు రాజుగారు మన ముందు నుంచే నడిచి వెళతారు. ఉత్త చేతులతో నిలబడితే ఏం బాగుంటుంది?" అన్నాడు. అంతకుమించి ఒక్క ముక్క చెప్పలేదు.

మర్నాడు రాజుగారు వీధి మొదట్లో అడుగుపెట్టేసరికి ఒక అవ్వ బూరెలతో ఎదురొచ్చింది. పక్కింట్లో అరిసెలు. ఆ పక్కన చెంబుడు పానకం. ఎదురింటి కోడలు గిన్నె నిండా పాయసం తెచ్చి, తాగిందాకా దారి వదల్లేదు.

"ప్రజలు ప్రేమతో పెట్టింది కాదంటే మేం రాజులమేనా?" అని వీరభూపాలుడు మొదట్లో ఛాతీ విరిచి తిన్నాడు. వీధి మధ్యకు వచ్చేసరికి నడక మందగించింది. చివరి ఇంటి సున్నుండ దగ్గర కళ్లు తేలేశాడు. అయినా తిన్నాడు, రాజు కదా.

మాచన ఇంట పీట వేశారు. ఆకు పరిచారు. మాచన భార్య వెంగమాంబ వేడన్నం వడ్డించి, నూనె తేలుతున్న గుత్తివంకాయ వేసి, నెయ్యి ధారగా పోసింది. రాజుగారు ఆకు వైపు చూశాడు. మూతి తిప్పుకున్నాడు. చేత్తో ఆకును మెల్లగా అవతలికి నెట్టాడు.

అంతే, మాచన లబోదిబోమన్నాడు.

"ఏమేవ్, మూట సర్దుకో! వడ్డించింది మిగిలిందంటే వండినవాళ్లదే దోషమట. ప్రభువుల శాసనం. నువ్వు దేశం విడిచిపోవాలి!"

"అయ్యో, ఒక్క మెతుకైనా ముట్టలేదండీ! ఉప్పెక్కువైందో కారమెక్కువైందో ఎలా తెలిసింది?" అంది వెంగమాంబ.

"ఆపవయ్యా మాచనా!" అని కసిరాడు రాజు. "కూరలో ఏ లోపమూ లేదు. ఘుమఘుమలాడుతోంది. మా పొట్టలో చోటేదీ? వీధి వీధంతా కుక్కి కుక్కి పెట్టింది!"

"ప్రేమతోనే కదా పెట్టారు ప్రభూ?"

"ప్రేమేనయ్యా! ఒక్క పొట్ట ఎందరి ప్రేమను మోస్తుంది?"

మాచన చేతులు జోడించాడు. "కస్తూరీదేవిగారు కూడా ఇన్నాళ్లుగా ఆ మాటే అడుగుతున్నారు మహాప్రభో. పాపం, ఆమెకు నోరు లేదు."

భటులు నేల చూపులు చూశారు. మాచనకు ఒక్క క్షణం అడవిలో కోతులు కళ్ల ముందు కదిలాయి. రాజుగారి ముఖం ఎర్రబడింది, మీసాలు వణికాయి, చివరికి పీట అదిరేలా నవ్వు తన్నుకొచ్చింది. నిండిన పొట్టతో నవ్వలేక రెండు చేతులా అదిమిపట్టుకుని మరీ నవ్వాడు.

"నవ్వించకు మాచనా, చస్తాను! రేపటి నుంచి పిల్లిముద్ద రద్దు!"

మర్నాడు కొలువులో కస్తూరికి ఎవరూ ఏమీ పెట్టలేదు. అది షావుకారును చూసి అరిచింది, కవిగారి కాళ్లకు ఒళ్లు రాసుకుంది. రాజుగారి మనసు కరిగి మీగడ తెమ్మనబోతే మాచన తన పొట్ట పట్టుకుని చూపించాడు. రాజుగారు నోరు మూసుకున్నాడు. మధ్యాహ్నం పళ్లెం వస్తే అది అలిగి వెళ్లిపోయింది. పేరమ్మ గుండె జారిపోయింది. పొద్దు వాలేవేళకు మళ్లీ తాజాగా చేప కలిపి తెచ్చేసరికి, కస్తూరీదేవి బిరుదులన్నీ పక్కనపెట్టి పరిగెత్తుకొచ్చింది. మెతుకు మిగల్చకుండా తిని పళ్లెం తళతళలాడేలా నాకింది. పేరమ్మ ఏడుస్తూ నవ్వింది.

రాజుగారు తన చేతి కంకణాలు తీసి పేరమ్మకిచ్చాడు. కోతుల దగ్గరున్న పాత మంత్రిని తిరిగి రమ్మని కబురంపాడు. "నీకేం కావాలోయ్?" అని మాచననడిగాడు.

"మా ఆవిడ మీద నింద అలాగే ఉండిపోయింది ప్రభూ. ఆ గుత్తివంకాయ తమరు తిని తీరాలి."

రాజుగారు మరోసారి మాచన ఇంటికి భోజనానికి వెళ్లాడు. ఆ వీధిలో మళ్లీ బూరెలూ పాయసాలూ పట్టుకుని అందరూ గుమ్మాల్లోకి వచ్చి ఎదురుచూస్తూనే ఉన్నారు. మణికుండ మహారాజు వీరభూపాలుడు మాత్రం కిరీటం చంకలో పెట్టుకుని, దొడ్డిదారిన, కరకరలాడే ఆకలితో ఎప్పుడో వచ్చి పీట మీద కూర్చున్నాడు. భోజనం ముగిశాక ఆకులో కరివేపాకు రెబ్బ కూడా మిగల్లేదట.