మూతి చూసి చెప్పిన తీర్పు

గోదారి పొంగి లంకంతా మునిగిపోతే, ఎర్రమట్టి పోసి ఎత్తు చేసిన మార్తమ్మగారి పశువుల పాక ఒక్కటే తేలి ఉంది. పాకకి ఆనుకునే ప్రార్థన మందిరం. ఎద్దు యోబు, మేకపోతు దేవసహాయం, మూడు పిల్లల తల్లి కోడి రాహేలు ప్రతి ఆదివారం గోడవతల వాక్యం వింటూ పెరిగినవాళ్ళే.

మధ్యాహ్నం ఐదుగురు పిల్లలతో పోలి అనే పంది ఈదుకుంటూ వచ్చింది.

"అక్కడే ఆగు! నీ తిండేంటి, నీ ఒళ్ళేంటి? ఇది దేవుడి గడప," అన్నాడు దేవసహాయం గడ్డం ఊపుతూ.

పోలి బయటే ఆగి పిల్లల్ని చూరు కింద పడుకోబెట్టుకుంది.

ఆ వెనకే నక్క వచ్చింది. తడిసిన తోక దులుపుకుని, తల వంచి, "స్తోత్రమండీ పెద్దయ్యగారూ," అంది. దేవసహాయం కరిగిపోయాడు. నక్కకి లోపల పొడిగడ్డి మీద చోటు దొరికింది.

యోబుకి కడుపు మండింది. కానీ ఓర్పుగలవాడని పేరాయె, నెమరేస్తూ కూర్చున్నాడు.

తెల్లారేసరికి రాహేలు పిల్లలు మూడూ లేవు. ఆమె రెక్కలు కొట్టుకుని ఏడుస్తుంటే నక్క మెల్లగా అంది: "ఒకళ్ళని అనడం నా అలవాటు కాదు. కానీ బయట ఉన్నావిడ మూతి అంత ఎర్రగా ఉందేం?"

నిజంగానే ఎర్రగా ఉంది.

"నా పిల్లల్ని తిన్నావే, పాపిష్టిదానా!" రాహేలు మీదపడి పొడిచింది.

"ఎర్రమట్టమ్మా అది! నీళ్ళు పాకలోకి వస్తుంటే మూతితో కాలవ తీశాను."

"పంది మాట నమ్మాలా?" దేవసహాయం కొమ్ములు దించాడు. "పిల్లలతో సహా ఏట్లోకి తోసేయండి!"

తోపులాటలో ఒక పందిపిల్ల గట్టు అంచుదాకా జారి కీచుమంది. ఆ అరుపుకి యోబు లేచాడు. బుద్ధెరిగాక అంత కోపం అతనికెప్పుడూ రాలేదు. పలుపు తెగింది.

"ఆగండ్రా!" పాక దద్దరిల్లింది. "మూతులు చూసింది చాలు. ఇద్దరూ నోళ్ళు తెరవండి."

పోలి తెరిచింది. మట్టి, రెండు తుంగగడ్డలు.

"నేను ఉపవాసంలో ఉన్నానండీ," అంది నక్క, పళ్ళు విడదీయకుండా.

"ఉపవాసముంటే పొట్ట అంత ఎత్తుందేం? తెరువు!" కొమ్ము డొక్కలో దిగబోయింది. నక్క కెవ్వుమంది. పళ్ళ సందున పచ్చటి నూగు ఈకలు.

అందరూ మీదికి రాబోతే వరదలోకి దూకింది. సుడి లాక్కుపోయింది.

"ఎవరనుకున్నారు? అంత భక్తిగా ఉంటేనూ..." నసిగాడు దేవసహాయం.

"నోర్ముయ్!" కసిరాడు యోబు. "ఎవరిమీదా తీర్పు చెప్పొద్దని వారం వారం వింటున్నావు, ఆ మాటంతా ఎటు పోయింది? ఐదుగురు పసివాళ్ళని ఏట్లో కలపబోయావు కదరా! నేను మాత్రం తక్కువా? నిన్న ఆమెని గడప దగ్గర ఆపినప్పుడే లేవాల్సింది. లేవలేదు. రాహేలు పిల్లల చావులో నాకూ పాలుంది."

రాహేలు వచ్చి పోలి కాళ్ళ దగ్గర తల వాల్చింది. "అక్కా, తప్పయింది..."

పోలి కన్ను వాచిపోయి ఉంది. "బిడ్డలు పోయినదానివి, నిన్నేమీ అనను. కానీ ఇప్పుడు పిలిచినా ఆ పాకలోకి మాత్రం నేను రాను."

యోబు బయటికొచ్చి, వానకి అడ్డంగా ఆ పిల్లల పక్కన నిలబడ్డాడు.

రూపం చూసి తీర్పు చెప్పినవాడు ఎంత దోషో, అది చూస్తూ నోరు మూసుకున్నవాడూ అంతే దోషి.