దొరగారి సగం గడ్డం

రంగపతిరాజు దొరకి భయమంటే తెలియదని ఊరంతా చెప్పుకునేది, ఆయనే అలా చెప్పమన్నాడు గనక. ఆయన బావమరిది రోజూ పొద్దెక్కగానే బజార్లో నిలబడి సరదాకి తుపాకీ పేల్చేవాడు. ఒకరోజు పేల్చిన గుండుకి క్షురకుడు అచ్చన్న భార్య నెత్తిమీది కడవ పగిలింది. జానెడు కిందికి తగిలి ఉంటే మనిషే దక్కేది కాదు.

మర్నాడు పొద్దున్నే దొరకి గడ్డం గీస్తూ అచ్చన్న మొర పెట్టుకున్నాడు.

"తుపాకీ మా ఇంటి హక్కురా. చప్పుడుకే బెదిరితే ఎలా?" అన్నాడు దొర.

"నేను బెదరను దొరా, నా చెయ్యి బెదురుతోంది. నిన్నటి నుంచి తుపాకీ మోగితే చాలు, ఎగిరిపడుతోంది." అచ్చన్న కత్తిని దొర గొంతు మీదికి తెచ్చాడు. "బావమరిదిగారు బజారుకొచ్చే వేళయింది."

దొర గుటక కూడా మింగలేదు. "ముందు కత్తి తియ్యి," అన్నాడు పెదవులు కదపకుండా.

"తీశాను. మిగతా సగం ఎప్పుడు గియ్యమంటారు?"

ఊళ్లో మరో క్షురకుడు లేడు. దొర వెంటనే బావమరిదిని పిలిపించి, తుపాకీ కోటలో పెట్టి తాళం వేయించాడు. పొలాల మీద అడవిపందులు పడితేనే అది బయటికి రావాలన్నాడు.

"మన ఇంటి హక్కు కదా బావా," అన్నాడు బావమరిది.

దొర సగం గడ్డం తడుముకున్నాడు. "హక్కు మన ఇంటిదేరా. గొంతు నాది."

మిగతా సగం గీసేటప్పుడు అచ్చన్న చెయ్యి రవ్వంత కూడా వణకలేదు. అది ఎన్నడూ వణకలేదని అతని భార్య కొత్త కడవ నింపుకుంటూ అందరికీ చెప్పింది.